నుమాయిష్ గేటు దగ్గర మేం

జనవరి వచ్చిందంటే మా ఊరి నుంచి హైదరాబాద్ బస్సు ఎక్కేవాళ్లలో చాలామంది నుమాయిష్‌కే. కశ్మీరీ శాలువాలు, లక్నో చికన్ కుర్తాలు, జెయింట్ వీలు, చిన్న రైలు, మిర్చీ బజ్జీలు. మా అమ్మీలు ఏడాదంతా చిల్లర దాచుకుని అక్కడ ఒక దుప్పటో, ఒక చీనీ మట్టి కప్పుల సెట్టో కొనుక్కొచ్చేవాళ్లు. మా మొహల్లాలోనే కాదు, పక్క వాడలో తెలుగువాళ్ల ఇళ్లల్లో కూడా అది నుమాయిషే. 1948 తర్వాత హైదరాబాద్‌లో ఎన్నో ఉర్దూ మాటలు బోర్డుల మీంచి దిగిపోయాయి. ఈ మాట మాత్రం దిగలేదు. అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అని దఫ్తర్ పేరు ఒకటి పెట్టారు. ఆ పేరు టికెట్ల మీద ఉంది, జనం నోట్లో లేదు.

దాన్ని ఎవరు మొదలుపెట్టారని అడిగితే నిజాం అంటారు. కొందరు సర్కారు అంటారు. మేమూ చాలాకాలం అలాగే అనుకున్నాం. అది పాతవిద్యార్థుల సంఘం చేసిన పని అని మాకు తెలిసింది మా సొంత అవసరం మీద.

మాది ఒక చిన్న పట్టణంలో ఉర్దూ మీడియం హైస్కూలు. అదే ఆవరణలో, అదే వేపచెట్టు నీడలో తెలుగు మీడియం స్కూలు కూడా ఉంది. నీళ్ల పంపు ఒకటే. గంట ఒకటే. అక్కడ చదివిన మేం కొంతమందిమి – ఇద్దరు టీచర్లు, ఒక టైలరు, ఒక ఆర్టీసీ కండక్టరు, ఒక వకీలు, పదేళ్లు గల్ఫ్‌లో ఉండి తిరిగొచ్చి మొబైల్ దుకాణం పెట్టుకున్న ఒకాయన, ఇంకొందరు – రంజాన్ పండగ తర్వాత ఈద్ మిలాప్‌కు కలుస్తాం. షీర్ ఖుర్మా తాగి పాత కబుర్లు చెప్పుకుని వెళ్లిపోవడమే అప్పటిదాకా మా సంఘం పని. ఒక సంవత్సరం పదో తరగతి పాసైన అమ్మాయి ఒకతె ఇంటర్‌లో చేరకుండా బీడీలు చుట్టడానికి కూర్చుందని తెలిసింది. కాలేజీ దూరం. బస్‌పాస్, పుస్తకాలు, యూనిఫారం అన్నీ కలిపి ఇంట్లో లేని డబ్బు. అంతే కారణం. ఆ రోజు షీర్ ఖుర్మా ఎవరికీ దిగలేదు.

ఏం చేద్దాం అంటే మా గల్ఫ్ భాయ్ ఎవరైనా పెద్ద సేఠ్‌ను పట్టుకుందాం అన్నాడు. వకీలు సాబ్ ఎమ్మెల్యే దగ్గరికి పోదాం అన్నాడు. అప్పుడు మా రిటైరైన మాస్టర్ సాబ్ అడిగారు: "నుమాయిష్ కౌన్ షురూ కరే, మాలూమ్?" నుమాయిష్ ఎవరు మొదలుపెట్టారో తెలుసా అని. మాకు తెలియదు. "తుమ్హారే జైసే ఇచ్ లోగాఁ. పఢ్‌కే నికలే సో పోట్టే." మీలాంటివాళ్లే, చదువు ముగించుకుని బయటికొచ్చిన కుర్రాళ్లే అన్నారు.

అక్కడి నుంచి మేం వెనక్కి తవ్వడం మొదలుపెట్టాం.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. దానికి ముందు ఏడాది అక్బర్ హైదరీ రాసిన విజ్ఞప్తి మీద ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా ఇచ్చాడు. 1919లో కాలేజీ క్లాసులు మొదలైనప్పుడు సొంత భవనం కూడా లేదు. గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె ఇళ్లల్లో నడిపారు. మొదటి జట్టులో 225 మంది విద్యార్థులు, 25 మంది అధ్యాపకులు. ఈ దేశంలో ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పిన తొలి విశ్వవిద్యాలయం అదే. పాఠ్యపుస్తకాలు లేకపోతే దారుత్తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి ఇంగ్లీషు నుంచి ఉర్దూలోకి తెచ్చుకున్నారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాన్ని నడిపాడు. వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో చెప్పారు. ఇంగ్లీషు లేకపోతే సైన్సు రాదని ఇవాళ మాకు పాఠం చెప్పేవాళ్లు ఈ సంగతి ఒకసారి చదువుకుంటే బాగుంటుంది.

అయితే ఈ కథలో మనం ఒప్పుకోవలసింది ఒకటుంది. ఆ రాజ్యంలో సగానికి దగ్గరగా జనం తెలుగు మాట్లాడేవాళ్లు. మరాఠీ వాళ్లున్నారు, కన్నడం వాళ్లున్నారు. ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్లు నూటికి పది పన్నెండు మంది. మాతృభాషలో చదువు అని గొప్పగా చెప్పుకున్న యూనివర్సిటీ చాలామంది విద్యార్థులకు మాతృభాషలో చదువు చెప్పలేదు. తెలుగు పిల్లలు ఉర్దూ నేర్చుకునే డిగ్రీ తెచ్చుకోవాలి. నేర్చుకున్నారు కూడా. జ్ఞానపీఠం అందుకున్న సి. నారాయణరెడ్డి చదువంతా డిగ్రీ దాకా ఉర్దూ మీడియమే. అందుకే ఆయన తెలుగులో గజల్ రాస్తే అది అరువు తెచ్చుకున్నట్టు ఉండదు. కానీ అందరూ నారాయణరెడ్లు కారు. భాష అడ్డమై చదువు మానినవాళ్లు ఎందరో లెక్క ఎవరూ రాయలేదు. ఇవాళ తెలుగు రాక, ఇంగ్లీషు రాక మధ్యలో ఆగిపోతున్న మా ఉర్దూ మీడియం పిల్లల్ని చూస్తే, అప్పటి తెలుగు పిల్లల కష్టం మాకు బాగానే అర్థమవుతుంది. దెబ్బ తగిలినవాడికే తెలుస్తుంది అంటారు. తగిలాక తెలిసింది.

ఆ యూనివర్సిటీ నుంచి పట్టాలు పుచ్చుకుని బయటికొచ్చిన యువకులు ఉస్మానియా గ్రాడ్యుయేట్స్ అసోసియేషన్ పెట్టుకున్నారు. సంఘంలో ఒక ఆర్థిక కమిటీ ఉండేది. రాజ్యంలో ఏం పండుతోంది, ఎక్కడ ఏ వస్తువు తయారవుతోంది, చేతిపనివాళ్ల పరిస్థితి ఏమిటి అని ఆర్థిక సర్వే చెయ్యాలని వాళ్ల ఆలోచన. సర్వేకు డబ్బు కావాలి. సేఠ్‌ల ఇళ్ల చుట్టూ తిరగడం కాకుండా ఒక ప్రదర్శన పెట్టి టికెట్ల మీద, దుకాణాల అద్దెల మీద డబ్బు చేద్దాం అనుకున్నారు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో, అప్పటి మాటలో బాగ్-ఎ-ఆమ్‌లో, పది రోజుల ప్రదర్శన పెట్టారు. నిజాం ప్రారంభించాడు. పేరు నుమాయిష్ మస్నూఆత్-ఎ-ముల్కీ. అంటే స్వదేశీ వస్తువుల ప్రదర్శన. జనం ఆ పొడుగు పేరును తెంపి మొదటి ముక్క ఒక్కటే ఉంచుకున్నారు.

తెగిపోయిన ముక్కలో ఒక మాట ఉంది, ముల్కీ. దాని దగ్గర కాసేపు ఆగాలి.

ముల్కీ అంటే ఈ ముల్క్‌వాడు, ఈ నేలవాడు. ఉత్తరాది నుంచి వచ్చి దివాణంలో పెద్ద నౌకరీలు పట్టుకున్నవాళ్లు గైర్ ముల్కీలు. వాళ్లలో ముస్లింలు చాలామంది. వాళ్లకు ఎదురు నిలబడ్డ ముల్కీల్లో స్థానిక ముస్లింలున్నారు, కాయస్థులున్నారు, తెలుగువాళ్లున్నారు, మరాఠీవాళ్లున్నారు. ఆ గొడవలో గీత మతం మీద గీసింది కాదు, నేల మీద గీసింది. ఉస్మానియా పాతవిద్యార్థులు తమ ప్రదర్శనకు ఇస్లామీ అనో, నిజామీ అనో పేరు పెట్టలేదు. నేల పేరు పెట్టారు. పెట్టినవాళ్లందరికీ అంత పెద్ద ఆలోచన ఉందని మేం అనడం లేదు. స్వదేశీ వస్తువులు అమ్ముకోవడానికి పనికొచ్చే మాట అది. అయినా ఆ మాట ఎంచుకున్నారు.

అదే 1938లో అదే ఉస్మానియాలో ఇంకో సంగతి జరిగింది. హాస్టళ్లలో వందేమాతరం పాడిన హిందూ విద్యార్థుల్ని బయటికి పంపేశారు. వాళ్లలో చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. తర్వాత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు అలా నాగపూర్ వెళ్లినవాళ్లలో ఒకరు. ఒకవైపు పాతవిద్యార్థులు ముల్కీ అని అందర్నీ ఒక మైదానంలోకి పిలుస్తున్నారు, మరోవైపు యూనివర్సిటీ చదువుకుంటున్న పిల్లల్ని గేటు బయట నిలబెడుతోంది. రెండూ మన చరిత్రే. మొదటిది చెప్పి రెండోది దాచిపెడితే మేమూ దాచిపెట్టేవాళ్లలో చేరిపోతాం. మా చరిత్రను దాచారని ఇంతకాలం అరుస్తున్నది మేమే కదా.

నుమాయిష్ పెరిగింది. పబ్లిక్ గార్డెన్స్ చాలక 1946లో నాంపల్లిలోని ఇప్పటి మైదానానికి మారింది. అప్పుడు దివాన్ సర్ మీర్జా ఇస్మాయిల్. 1947లోనూ 1948లోనూ నుమాయిష్ లేదు. ఆ రెండేళ్లలో ఏం జరిగిందో ఈ పుస్తకం చదివేవాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. రజాకార్ల దౌర్జన్యం ఒకటి. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ ఒకటి. ఆ తర్వాత పల్లెల్లో, ముఖ్యంగా మరాఠ్వాడా జిల్లాల్లో, ముస్లింల మీద జరిగిన హత్యాకాండ ఒకటి. సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూలో దఫ్తర్లు నడిపినవాళ్లకు చదువుకున్న చదువే బరువైపోయింది. కలిగినవాళ్లు పాకిస్తాన్‌కో మరో చోటికో పోయారు. పోలేనివాళ్ల పిల్లలు సైకిల్ షాపుల్లో, టైలర్ షాపుల్లో కూర్చున్నారు. మా నానాలు, దాదాలు వాళ్లే.

1949లో నుమాయిష్ మళ్లీ తెరిచారు. ఈసారి తెరిచింది గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి. రాజ్యం పోయింది, బోధనా భాష పోయింది. పాతవిద్యార్థులు పెట్టిన అంగడి మాత్రం మిగిలింది. ఎందుకు మిగిలింది? దానికి సొంత రాబడి ఉంది. ఎవరి దయా అక్కర్లేదు. అందరికీ అందులో పని ఉంది. శాలువా అమ్మే కశ్మీరీకి, కొండపల్లి బొమ్మ అమ్మే ఆయనకు, బిద్రీ పనివాడికి, మిర్చీ బజ్జీ బండికి, టికెట్ కొనుక్కుని చూడ్డానికి వచ్చిన ఇల్లాలికి. తమవాళ్ల కోసం మాత్రమే పెట్టి ఉంటే 1948 దాన్ని మిగిల్చేది కాదని మా నమ్మకం.

ఆ తర్వాత ఎగ్జిబిషన్ సొసైటీ ఆ డబ్బును చదువు మీద పెట్టింది. ఇవాళ దాని కింద నడిచే విద్యాసంస్థలు దాదాపు ఇరవై. వాటిలో ఆడపిల్లల కోసం పెట్టినవి చాలా ఉన్నాయి. నాంపల్లిలో సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్, మారేడ్‌పల్లిలో కస్తూర్బా గాంధీ కాలేజీ. నుమాయిష్ టికెట్ కొన్న ప్రతివాడూ తెలియకుండానే ఒక అమ్మాయి చదువుకు చందా ఇచ్చినట్టే. జెయింట్ వీలు ఎక్కినవాడు కూడా.

సరోజినీ నాయుడు పేరు దగ్గర ఒక సంగతి గుర్తుకొస్తుంది. ఆమె ఇంగ్లండులో చదువుకుంది నిజాం ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద. 1895లో, పదహారేళ్ల వయసులో వెళ్లింది. బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో హైదరాబాద్‌లో పుట్టిన అమ్మాయికి ముస్లిం రాజు ఖజానా నుంచి స్కాలర్‌షిప్ అందింది. ఇవాళ ఆమె పేరు మీద ఉన్న కాలేజీ నుమాయిష్ డబ్బుతో పుట్టిన సొసైటీది. మా మొహల్లాల్లోని బురఖా అమ్మాయిలూ, అంబర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ అమ్మాయిలూ అలాంటి కాలేజీల్లో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఈ సంగతి రాయడానికి ఎవరికీ ఎందుకు తోచదో మాకు అర్థం కాదు. నిజాం నగల లెక్క మాత్రం ప్రతి ఆదివారం అనుబంధంలోనూ వస్తుంది.

నుమాయిష్ సొసైటీకి మంత్రులు అధ్యక్షులుగా ఉండడం ఆనవాయితీ అయింది. అది ఇప్పుడు సగం సర్కారు లాగే కనిపిస్తుంది. అందుకే జనం సర్కారుదే అనుకుంటారు. పాతవిద్యార్థుల సంఘం పెద్దదైతే వచ్చే ప్రమాదం ఇది. పుట్టిన ఇల్లు మరిచిపోతుంది.

ఉస్మానియావాళ్లకు ఈ ఆలోచన గాల్లోంచి ఊడిపడలేదు. చదివి బయటికొచ్చినవాళ్లు వెనక చదువుకునేవాళ్లను మోయడం అనే పద్ధతి అప్పటికే అలీగఢ్‌లో ఉంది. అలీగఢ్‌కూ హైదరాబాద్‌కూ రాకపోకలు ఎక్కువ. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ తర్వాత కాలేజీ బాధ్యత మోసిన మొహ్‌సినుల్ ముల్క్, వికారుల్ ముల్క్ ఇద్దరూ హైదరాబాద్ కొలువులో ఏళ్లతరబడి పనిచేసి వెళ్లినవాళ్లే. సర్ సయ్యద్ 1875లో స్కూలు తెరిచాడు. డబ్బు కోసం లాటరీ పెట్టాడు, పుస్తకాలు అమ్మాడు, ఆ వయసులో స్టేజీ కూడా ఎక్కాడు. పెద్దమనుషులు ముక్కు మీద వేలేసుకున్నారు. 1890లో సాహెబ్‌జాదా ఆఫ్తాబ్ అహ్మద్ ఖాన్ అంజుమనుల్ ఫర్జ్ పెట్టాడు. డ్యూటీ సొసైటీ అంటే అదే. సెలవులకు ఇళ్లకు పోయే విద్యార్థులే చందా పుస్తకాలు పట్టుకుని ఊళ్లు తిరిగి, బీద విద్యార్థుల కోసం డబ్బు తెచ్చేవాళ్లు. అడుక్కోవడం అని వాళ్లు అనుకోలేదు. ఫర్జ్ అనుకున్నారు. ఆ సొసైటీ ఇప్పటికీ ఉంది. అమెరికాలో ఉన్న అలీగఢ్ పాతవిద్యార్థులు ముషాయిరాలు పెట్టి స్కాలర్‌షిప్పులకు డబ్బు పోగుచేయడం ఆ అలవాటు కొనసాగింపే.

అయితే అలీగఢ్ కథను కూడా మేం పూలదండ వేసి గోడకు తగిలించం. ఆ కాలేజీ మొదట్లో ముఖ్యంగా షరీఫ్ ఖాందాన్ల అబ్బాయిల కోసం పెట్టింది. సర్ సయ్యద్ దృష్టిలో బీద విద్యార్థి అంటే చితికిపోయిన నవాబు మనవడే ఎక్కువ. నేతపని జులాహా కొడుకు కాదు. మా దూదేకులవాడు అసలే కాదు. ఆడపిల్లల చదువు ఆయన వాయిదా వేశాడు. ఆ వాయిదా తీర్చింది కూడా ఒక పాతవిద్యార్థే. కాలేజీలో చదివి వకీలైన షేక్ అబ్దుల్లా, ఆయన భార్య వహీద్ జహాఁ బేగం 1906లో అలీగఢ్‌లో ఆడపిల్లల స్కూలు తెరిచారు. ఊళ్లో ఎంత తిట్టినా మూయలేదు. గురువు చెయ్యని పని శిష్యుడు చెయ్యడం పాతవిద్యార్థులకు సాధ్యమని అక్కడ రుజువైంది. మేం అలీగఢ్ నుంచి తీసుకున్నది ఆ ఒక్కటి.

ఇక మా ఊరి సంగతి.

మొదటి సంవత్సరం మేం తప్పు చేశాం. చందాలు బాగానే వచ్చాయి. ఒక ఫంక్షన్ హాల్లో సభ పెట్టాం. ముఖ్య అతిథి, శాలువాలు, వెనకాల ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద 'నిరుపేద ముస్లిం విద్యార్థులకు ఆర్థిక సహాయం' అని రాసి పిల్లల ఫోటోలు వేశాం. పేరు పిలిస్తే ఒకమ్మాయి స్టేజీ మీదికి రాలేదు. కవరు ఇంటికి పంపించాం. మర్నాడు వాళ్లమ్మ ఆ కవరు పట్టుకుని మా టైలర్ భాయ్ షాపుకొచ్చి, "భాయ్‌జాన్, మేం బీదవాళ్లమని మా గల్లీకి తెలుసు. ఊరంతటికీ చెప్పారు మీరు" అని బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ ఆ ఇంటికి వెళ్లడానికి మాకు మూడు నెలలు పట్టింది. మాస్టర్ సాబ్ వెళ్లి మాఫీ అడిగాక ఆ అమ్మాయి ఫీజు తీసుకుంది. అప్పటినుంచి మాకు సభ లేదు, ఫ్లెక్సీ లేదు, ఫోటో లేదు. ఫీజు నేరుగా కాలేజీలో కట్టి రసీదు ఇంట్లో ఇస్తాం. చందాలు కొంత తగ్గాయి. ఫోటో లేకపోతే ఇవ్వనివాళ్లు కొందరుంటారు.

రెండో చిక్కు కాలెండర్‌ది. మా దగ్గర డబ్బు రంజాన్‌లో వస్తుంది, జకాత్ ఆ నెలలోనే తీస్తారు కాబట్టి. రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. స్కూలు జూన్‌లోనే తెరుస్తారు, పరీక్ష ఫీజు చలికాలంలోనే కట్టాలి. పిల్లలకు అవసరమున్నప్పుడు మా పెట్టె ఖాళీ, పెట్టె నిండినప్పుడు ఫీజు గడువు దాటిపోయి ఉంటుంది. ఎవరు ఎంత ఉదారంగా ఇచ్చినా ఈ తేడా తీరదు. అందుకని నెలనెలా చిన్న మొత్తం కట్టే సభ్యులు కావాలి. కండక్టర్ భాయ్ జీతం రోజునే కడతాడు. పెద్ద జీతగాళ్లు కొందరికి ఫోన్ చెయ్యాల్సి వస్తుంది.

మూడోది మేం ఊహించనిది. డబ్బు కంటే కాగితాలు పిల్లల్ని ఎక్కువ ఆపుతున్నాయి. ఆధార్‌లో షేక్ అని, స్కూలు రికార్డులో ఎస్.కె. అని ఉంటుంది. తండ్రి పేరు ఒకచోట మహబూబ్, ఇంకోచోట మహెబూబ్. ఆదాయ సర్టిఫికెట్ గడువు అయిపోయి ఉంటుంది. 2007లో ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్ కావాలంటే బీసీ-ఇ సర్టిఫికెట్ ఉండాలి. దానికెన్ని తిరుగుళ్లో తిరిగినవాడికి తెలుసు. స్కాలర్‌షిప్ రాలేదని వచ్చిన పిల్లల్లో సగంమందికి అసలు దరఖాస్తే పేరు తప్పు వల్ల ఆగిపోయింది. మా వకీలు సాబ్, మొబైల్ దుకాణం భాయ్ ఇద్దరూ కూర్చుని ఆదివారాలు ఆ తప్పులు దిద్దించారు. మేం కట్టిన ఫీజుల కంటే ఆ దిద్దుబాట్ల వల్ల పిల్లలకు వచ్చిన సర్కారు డబ్బే ఎక్కువ.

సర్కారు డబ్బు అనగానే మాలో కొందరు కోపగించుకున్నారు. అది మా హక్కు, మనం చందాలు పోగేస్తే సర్కారు చేతులు దులుపుకుంటుంది అన్నారు. ఆ మాటలో నిజముంది. సచార్ కమిటీ 2006లో మా చదువుల వెనకబాటు ఎంతో లెక్కలతో చెప్పింది. ఆ తర్వాత స్కాలర్‌షిప్పులు వచ్చాయి, 2016 నుంచి తెలంగాణలో మైనారిటీ గురుకులాలు వచ్చాయి. మా ఆడపిల్లలు గురుకులాల్లో చదవడం మేం కళ్లారా చూస్తున్నాం. కానీ 2022లో కేంద్రం ఎనిమిదో తరగతి దాకా మైనారిటీ పిల్లలకిచ్చే ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ తీసేసింది, పరిశోధన విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఆపేసింది. హక్కు కోసం ధర్నా చెయ్యాల్సిందే, మేమూ కూర్చున్నాం. కానీ ధర్నా గెలిచేదాకా తొమ్మిదో తరగతి పిల్ల ఆగదు. బీడీల చాట సిద్ధంగా ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద తగాదా ఇంకొకటి. అదే ఆవరణలోని తెలుగు మీడియం పాతవిద్యార్థులు ఇద్దరు మా దగ్గరికొచ్చారు. ఒకాయన మాదిగ కులం, లైన్‌మన్‌గా పనిచేస్తాడు. ఇంకొకాయన చాకలి కులం, కిరాణా కొట్టు. "మాదీ అదే బడి కదా, మమ్మల్ని కూడా కలుపుకోండి. మా పిల్లల్లో కూడా ఆగిపోతున్నవాళ్లున్నరు" అన్నారు. ఆ రాత్రి మా మీటింగు ఒంటిగంట దాకా నడిచింది. మనవాళ్లకే చాలడం లేదు అన్నారు కొందరు. జకాత్ డబ్బు ముస్లిమేతరులకు ఇవ్వకూడదు, ఆలిములు ఒప్పుకోరు అన్నారు. అది నిజమే. వాళ్లకు ఎస్సీ, బీసీ స్కాలర్‌షిప్పులు ఉన్నాయి కదా అన్నారు ఇంకొందరు. మాకూ బీసీ-ఇ ఉంది కదా అన్నాడు కండక్టర్ భాయ్. ఉర్దూ స్కూలు అని ఒకటి మిగిలిందే అదృష్టం, అందులోకి అందర్నీ తెస్తే మన పేరే పోతుంది అని మా గల్ఫ్ భాయ్ గొంతు పెంచాడు. ఆయన భయం ఉత్త భయం కాదు. 1948 తర్వాత ఈ రాష్ట్రంలో మా పేరు ఎన్ని చోట్ల పోయిందో మేమే పైన రాశాం.

మాస్టర్ సాబ్ మళ్లీ నుమాయిష్ దగ్గరికే వచ్చారు. వాళ్లు పెట్టుకున్న పేరులో ముల్కీ ఉంది, అందుకే నిలబడింది అన్నారు. గల్ఫ్ భాయ్ ఒప్పుకోలేదు. నిలబడింది కానీ పెట్టినవాళ్ల పేరు పోయింది కదా మాస్టర్ సాబ్ అన్నాడు. దానికి మాస్టర్ సాబ్ దగ్గర జవాబు లేదు. మా దగ్గరా లేదు. ఇప్పటికీ లేదు.

ఆఖరికి రెండు లెక్కలు పెట్టుకున్నాం. జకాత్ లెక్క వేరు, దాన్ని షరీయత్ ప్రకారమే ఖర్చు చేస్తాం. ఆమ్ చందా లెక్క వేరు. అందులో ఆ ఆవరణలోని రెండు స్కూళ్లలో ఎవరు చదివినా, ఏ పిల్లకైనా ఫీజు కడతాం. లైన్‌మన్ అన్న ఆమ్ చందా లెక్క చూస్తాడు. సంఘం పేరులో ఉర్దూ మీడియం అన్న మాట తియ్యలేదు, పక్కన తెలుగు మీడియం అని చేర్చాం. పేరు పొడుగైపోయింది, రసీదు పుస్తకంలో రెండు లైన్లు పడుతోంది. గల్ఫ్ భాయ్ ఆరు నెలలు మీటింగులకు రాలేదు. నెల చందా మాత్రం పంపుతూనే ఉన్నాడు, జకాత్ లెక్కకు.

ఆమ్ చందా ఎక్కణ్నుంచి రావాలి? ఇక్కడ మాత్రం మేం ఉస్మానియావాళ్లను పూర్తిగా కాపీ కొట్టాం. మా ఊరి దర్గా ఉర్సు మూడు రోజులు జరుగుతుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి హిందువులు, ముస్లింలు అందరూ బండ్లు కట్టుకుని వస్తారు, ఇప్పుడు ఆటోల్లో వస్తారు. ఆ ఉర్సులో మేం ఒక స్టాలు వేశాం. మా టైలర్ భాయ్ కుట్టిన స్కూలు సంచులు, హైదరాబాద్ బేగంబజార్ నుంచి టోకున తెచ్చిన నోటుపుస్తకాలు, పెన్నులు, జామెట్రీ పెట్టెలు. ఒక పక్కన ఉస్మానియా బిస్కెట్, చాయ్. బడులు తెరిచే ముందు వచ్చిన ఉర్సు కాబట్టి సంచులన్నీ రెండో రోజుకే అయిపోయాయి. చాయ్ లాభం సంచుల లాభం కంటే ఎక్కువ వచ్చింది. నుమాయిష్ పెట్టినవాళ్లకూ మిర్చీ బజ్జీల వల్లే ఎక్కువ మిగిలి ఉంటుందని మా అనుమానం.

మొదటిరోజు గల్లా దగ్గర ఎవరు కూర్చోవాలో మాకు తెలియలేదు. కవరు తిరిగిచ్చిన ఆ అమ్మాయి అప్పటికి ఇంటర్ కామర్స్ చదువుతోంది. వచ్చి, లెక్క నేను రాస్తాను జరగండి అంది. జరిగాం. వచ్చే ఉర్సుకు సంచులు రెండింతలు కుట్టాలని, చాయ్‌కి ఇంకో పొయ్యి కావాలని ఆ లెక్క పుస్తకం ఆఖరి పేజీలో రాసి పెట్టింది.